నీళ్ళ కజ్జికాయలు

మార్చి నెలలో మా గుంటూరు గాలికే ముక్కు కారుద్ది.
యార్డులో లారీ కదిలితే చాలు
అరండల్‌పేట దాకా తుమ్ములే తుమ్ములు.
అట్టాంటి ఊరికి వచ్చిందామె, హలీనా,
పోలండు నుంచి, మిరపకాయల్ని పరీక్ష చేయటానికి.
సంతకం పెడితే సరుకు ఓడెక్కుద్ది.
పెట్టకపోతే కోల్డ్ స్టోరేజీ మెట్ల మీద
మగాళ్ళు తలకాయ పట్టుకుని కూర్చుంటారు.

నాకవన్నీ ఎందుకు. నాది మెస్సు.
సామ్రాజ్యం మెస్సు, యాభై విస్తళ్ళు,
వంటకి యోహాను, వడ్డనకి నేను.
పదకొండు రోజులు ఆమె
పెరుగన్నమూ అరటిపండూ తప్ప ముట్టలా.
ఊరంతా ఆమెకు భయపడుతుంటే
ఆమె మా ఊరగాయ జాడీకి భయపడేది.

పన్నెండో రోజు, బంతులు లేచాక,
వంటగది గుమ్మంలో నిలబడి సైగలతో అడిగింది.
కాస్త మైదా. నాలుగు బంగాళాదుంపలు.
పాలు విరగ్గొట్టి ఇచ్చా.
పిండి తడిపి, తడిగుడ్డ కప్పి, దాని పక్కనే కూర్చుంది
నిద్రపోయే పిల్ల పక్కన కూర్చున్నట్టు.
స్టీలు గ్లాసు బోర్లించి బిళ్ళలు కోసింది.
కూరి, సగానికి మడిచి, అంచు నొక్కుతుంటే
నా వేళ్ళు ఆగలా.

ఆ మడత నాకు తెలుసు.
మా మేనత్త శేషారత్నం పెళ్ళిళ్ళకి వెయ్యి కజ్జికాయలు చేసేది.
చెక్క అచ్చు ఎరగదు, బొటనవేలే అచ్చు.
"అంచు అల్లాలే, కుట్టగూడదు."
ఈ మాట ఏ భాషలో చెప్పాలో తెలీక
ఓ బిళ్ళ లాక్కుని అల్లి చూపించా.
హలీనా దాన్ని సరుకు చూసినట్టే తిప్పి తిప్పి చూసి
"పాస్" అంది.

యోహాను ఎసరు చూసి గొల్లుమన్నాడు:
"అమ్మగారూ, నూనె ఉండగా నీళ్ళేందండీ,
కజ్జికాయలకి బాప్తిస్మం ఇస్తందా?"
మునిగినయ్యి. కాసేపటికి ఒక్కొక్కటే తేలినయ్యి.
"రక్షణ పొందినయ్" అన్నాడు.

పైన వెన్న, ఎర్రగా వేగిన ఉల్లిపాయ.
మెత్తగా, వెచ్చగా, చప్పగా,
జ్వరం తగ్గిన మర్నాడు తినే తిండిలా.
కమీషను కొట్టు పున్నారావు అప్పుడే వచ్చి
నేతిలో కారప్పొడి కలిపి, ముంచి, పధ్నాలుగు తిన్నాడు.
"పేరేంది?"
"పియెరోగి."
"పేరులోనే రోగి ఉన్నాడు, బోర్డు మీద రాయబాక సామ్రాజ్యం."
ఒకటైతే ఏమంటారని నేనడిగా.
ఒకదానికీ మాట ఉందంట, వాడరంట,
ఒకటి తిని లేచినోళ్ళు లేరంట.

మర్నాడు గోంగూర ఉడకబెట్టా, మిరపకాయ తగలనీకుండా.
ఏదో తోచి, గుడ్డు సగానికి కోసి పక్కన పెట్టా.
ఒక చెంచా. ఆగిపోయింది.
మంచు కరిగాక గట్ల మీద మొలిచే పుల్లాకుతో
వాళ్ళమ్మ చారు కాచేదంట.
అందులోనూ గుడ్డేనంట, సగమేనంట.
మిగతా సగం ఎవరికో చెప్పలా.

శనివారం కబురు.
పున్నారావు సరుకు, మూడొందల టిక్కీలు,
మందు ఎక్కువుందని వెనక్కి తిప్పారు.
కింద ఆమె సంతకమే.
ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒకే వేళకి వచ్చారు.
నా చేతిలో నేతిగిన్నె వణికింది.
ఆయన అటు చూడలా. ఆమె తల ఎత్తలా.
ఇద్దరికీ గోంగూరే వడ్డించా,
ఆయనకి కారంతో, ఆమెకి లేకుండా.
చెయ్యి కడుక్కుని పోతా పోతా ఆగి
గోడని అడిగాడు:
"ఆ నీళ్ళ కజ్జికాయలు మళ్ళీ ఎప్పుడు?"

ఆమె పోయి ఏడాది.
గురువారాలు యోహాను సుద్దతో ఆ పేరే రాస్తాడు.
బిళ్ళలు కోసే గ్లాసుతో ఎవరికీ నీళ్ళివ్వను.
ప్రతిసారీ ఒకటి అంచు విడిపోయి
నీళ్ళలో చెదురుద్ది, ఎంత అల్లినా.
దాన్ని విస్తట్లో వెయ్యను.
పొయ్యి దగ్గరే నిలబడి, కారప్పొడి లేకుండా, నేనే తింటా.
ఆ వాడని మాట దీనికే సరిపోయేదేమో.
అడిగి రాసుకోలా.